పట్టేది... వదిలేయడానికే!

వీసా, విమానం టికెట్, బస, గైడు, ఛాతీ దాకా వచ్చే రబ్బరు డ్రెస్సు. ఇవి కాక నదిలో దిగినందుకు రోజుకింత అని వేరే ఫీజు. అన్నీ కలిపితే ఓ సెకండ్ హ్యాండ్ కారు వచ్చేస్తుంది. ఇంత పెట్టి, ఎముకలు కొరికే చల్లటి నీళ్లలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి, అదృష్టం బాగుండి ఓ సాల్మన్ చేప గాలానికి తగిలితే... ఓ ఫొటో తీసుకుని, దాన్ని మళ్లీ నీళ్లలోకే వదిలేస్తారు!

ఈ మాట మన ఊళ్లో ఎవరికైనా చెప్పి చూడండి. "కూర వండుకోనప్పుడు పట్టడం దేనికి?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఐస్‌లాండ్, స్కాట్లండ్, నార్వే నదులకు ప్రతి వేసవిలో వేలమంది ఈ పని కోసమే వెళ్తారు. వీళ్లకు పిచ్చా? లేక దీని వెనకాల ఏదైనా లెక్క ఉందా? ఈ వారం ఆ సంగతి చూద్దాం. ఎందుకంటే ఆ లెక్క మీదే ఓ చేప జాతి బతుకు ఆధారపడి ఉంది.

పుట్టిన ఊరు మర్చిపోని చేప

ముందు ఈ చేప గురించి నాలుగు ముక్కలు. అట్లాంటిక్ సాల్మన్ నదిలో పుడుతుంది. తల్లి చేప చల్లటి, పారే నీళ్లలో గులకరాళ్ల మధ్య తోకతో గుంట చేసి, అందులో వేల గుడ్లు పెడుతుంది. పిల్లలు కొన్నేళ్లు నదిలోనే పురుగూ పుట్రా తిని పెరుగుతాయి. తర్వాత ఒంటికి వెండి రంగు వస్తుంది, ఉప్పునీళ్లకు తట్టుకునేలా శరీరం మారుతుంది. ఇక సముద్రం బాట పడతాయి. గ్రీన్‌లాండ్, ఫారో దీవుల దాకా వెళ్లి, ఒకటి నుంచి మూడేళ్లు బాగా మేసి, బలిసి, మళ్లీ బయల్దేరతాయి. ఎక్కడికి? పుట్టిన నదికే! వేల కిలోమీటర్ల సముద్రం దాటొచ్చి, ఆఖర్లో ఆ నీళ్ల వాసన పట్టుకుని సొంత నదిని గుర్తుపడతాయి.

ఇది మనకు కొత్త కథేం కాదు. బంగాళాఖాతంలో ఇలస, గోదావరి నీళ్లు తాగాక పులస. వరదనీళ్లు రాగానే ఎర్రనీటికి ఎదురీది గుడ్లు పెట్టడానికి వచ్చే మన పులసది కూడా ఇలాంటి ప్రయాణమే. రెండూ వేర్వేరు జాతులు. కానీ రెండింటి బతుకూ ఒకే షరతు మీద నడుస్తుంది: సముద్రమూ బాగుండాలి, నదీ బాగుండాలి, మధ్యలో దారీ తెరిచి ఉండాలి. మూడింట్లో ఏ ఒక్కటి చెడినా కథ కంచికే.

సాల్మన్‌తో ఇంకో విచిత్రం ఉంది. నదిలోకి వచ్చాక అది తిండి మానేస్తుంది. గుడ్లు పెట్టేదాకా ఒంట్లోని కొవ్వే ఆధారం. మరి తిండే తినని చేప గాలానికి ఎందుకు తగులుతుంది? చిరాకా, కోపమా, చిన్నప్పుడు పురుగులు తిన్న అలవాటు గుర్తొచ్చా? శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఒక్క మాట మీదకు రాలేదు. అందుకే దీన్ని పట్టడం అంత కష్టం. వానపాము గుచ్చి కూర్చుంటే చాలదు. ఈకలు, బొచ్చు, రంగు దారాలతో పురుగులాగానో చిన్న చేపలాగానో కట్టిన 'ఫ్లై'ని పొడవాటి రాడ్‌తో సరిగ్గా దాని ముందు నుంచి వెళ్లేలా విసరాలి. దీన్నే ఫ్లై ఫిషింగ్ అంటారు. రోజంతా విసిరినా ఒక్కటీ తగలని రోజులే ఎక్కువ.

బ్రిటన్‌లో గాలానికి పడిన అతిపెద్ద సాల్మన్ రికార్డు ఓ అమ్మాయిది. 1922 అక్టోబర్‌లో స్కాట్లండ్‌లోని టే నదిలో జార్జినా బాలంటైన్ 64 పౌండ్ల చేపను పట్టింది. అంటే దాదాపు 29 కిలోలు! వందేళ్లు దాటినా ఆ రికార్డు చెక్కుచెదరలేదు. ఇకముందు చెదురుతుందన్న ఆశ కూడా తక్కువే. ఎందుకంటే...

చేపలే రావట్లేదు

2023లో స్కాట్లండ్ మొత్తమ్మీద గాలాలకు తగిలిన సాల్మన్ చేపలు 32,477. 1952లో లెక్కలు రాయడం మొదలుపెట్టినప్పటి నుంచి ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. అదే ఏడాది డిసెంబర్‌లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ తన రెడ్ లిస్టులో అట్లాంటిక్ సాల్మన్‌ను 'ఫర్వాలేదు' అనే వర్గం నుంచి 'ముప్పుకు దగ్గర్లో ఉంది' అనే వర్గంలోకి మార్చింది. 2006 నుంచి 2020 మధ్య ప్రపంచవ్యాప్తంగా వీటి సంఖ్య 23 శాతం పడిపోయింది.

నార్వే పరిస్థితి చూడండి. 1980ల మొదట్లో అక్కడి నదులకు ఏటా 10 లక్షలకు పైగా సాల్మన్లు తిరిగొచ్చేవి. ఇప్పుడు అందులో సగం. 2024 జూన్‌లో చేపలు మరీ తక్కువ రావడంతో సీజన్ మధ్యలోనే 33 నదుల్లో గాలం వేట ఆపేశారు. టికెట్లు కొనుక్కుని, బ్యాగులు సర్దుకున్నవాళ్లు అలాగే ఉండిపోయారు. నదుల ఒడ్డున లాడ్జీలు నడిపేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

కారణం ఒక్కటి కాదు. సముద్రం వేడెక్కి మేత మారిపోతోంది. నదుల మీద ఆనకట్టలు దారి మూసేశాయి. నీళ్లు వేడెక్కుతున్నాయి. దానికి తోడు మనిషి వల.

వోడ్కా అమ్మే ఆయన ఆపిన వలలు

వల అంటే గుర్తొచ్చే పేరు ఓర్రి విగ్‌ఫుస్సన్. ఐస్‌లాండ్ వాసి. వోడ్కా వ్యాపారి. పుట్టింది సిగ్లుఫ్యోర్దుర్ అనే హెర్రింగ్ చేపల ఊళ్లో. ఒకప్పుడు ఆ ఊరికి హెర్రింగే అన్నం. విపరీతంగా పట్టేశారు, 1960ల చివరికి చేప మాయమైంది, ఊరు కళ తప్పింది. సాల్మన్‌కీ అదే గతి పట్టబోతోందని ఆయనకు అర్థమైంది.

ఎందుకంటే చిక్కంతా సముద్రంలో ఉంది. స్కాట్లండ్ నదిలో పుట్టిన చేప, కెనడా నదిలో పుట్టిన చేప, అన్నీ మేతకు చేరేది గ్రీన్‌లాండ్ చుట్టుపక్కలకే. అక్కడ వల వేస్తే ఎవరి నది చేప పడిందో ఎవరికి తెలుసు? 1971లో ఒక్క గ్రీన్‌లాండ్ దగ్గరే సుమారు 2,700 టన్నులు పట్టారు.

ఓర్రి ధర్నాలు చేయలేదు. మత్స్యకారుల్ని తిట్టలేదు. 'మీరు పట్టే చేపకు మీకెంత వస్తుంది? అది నేనిస్తా, వల వేయకండి' అన్నాడు. అంతే! నార్త్ అట్లాంటిక్ సాల్మన్ ఫండ్ అనే సంస్థ పెట్టి, నదుల్లో గాలం వేసే డబ్బున్నవాళ్ల దగ్గర, ప్రభుత్వాల దగ్గర కోట్ల డాలర్లు పోగుచేశాడు. 1991లో ఫారో దీవుల వాళ్ల సాల్మన్ కోటా కొనేశాడు. 1993లో గ్రీన్‌లాండ్ మత్స్యకారులతో ఒప్పందం చేసుకున్నాడు. వాళ్లు వేరే చేపల వేటకు మారడానికి సాయం చేశాడు. 2007లో ఆయనకు గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం వచ్చింది. 2017లో కన్నుమూశాడు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. వల వేసేవాడు చెడ్డవాడు, గాలం వేసేవాడు మంచివాడు అని కాదు. వల వేసేవాడికి చేప కిలోల లెక్క. నది ఒడ్డున లాడ్జి నడిపేవాడికి అదే చేప ఓ టూరిస్టు. వదిలేస్తే రేపు ఇంకో టూరిస్టు. ఒకే చేప సీజన్లో రెండోసారి గాలానికి తగిలిన సందర్భాలూ ఉన్నాయి. బతికున్న చేపకు చచ్చిన చేప కంటే ఎక్కువ రేటు పలికితే, దాన్ని కాపాడటానికి ఊరంతా కాపలా ఉంటుంది. ఓర్రి లెక్క ఇదే.

ఐస్‌లాండ్ ఈ లెక్క ఎప్పుడో పట్టేసింది. సముద్రంలో సాల్మన్ వేటను 1930ల్లోనే దాదాపు పూర్తిగా ఆపేసింది. అక్కడ నదిలో చేపలు పట్టే హక్కు ఒడ్డున భూములున్న రైతులది. వాళ్లంతా కలిసి సంఘం పెట్టుకోవాలి. ఒక నదిలో ఒక రోజుకు ఎన్ని రాడ్లో ముందే లెక్క తేల్చేస్తారు. అంతకుమించి ఒక్కటి కూడా వేయనివ్వరు. పేరున్న నదుల్లో మంచి సీజన్లో ఒక రాడ్‌కు రోజుకు వెయ్యి డాలర్లు దాటడం మామూలే. ఆ డబ్బు గొర్రెలు కాసుకునే రైతుల ఇళ్లకు చేరుతుంది. రాజధాని రేక్యావిక్ ఊరి మధ్యలోంచి పారే ఎల్లిదా నదిలో ఇప్పటికీ సాల్మన్లు ఎదురీదుతాయంటే ఊరికే కాదు. మూసీతో పోల్చుకుని బాధపడకండి!

మీ సుషీలో ఉన్నది ఎవరు?

మరి వల వేట తగ్గింది, గాలం వేసేవాళ్లు వదిలేస్తున్నారు. అయినా హైదరాబాద్ రెస్టారెంట్ల మెనూలో సైతం సాల్మన్ సుషీ కనిపిస్తోందే, అది ఎక్కడి నుంచి వస్తోంది?

పంజరాల నుంచి. మెనూలో 'అట్లాంటిక్ సాల్మన్' లేదా 'నార్వే సాల్మన్' అని ఉంటే అది దాదాపు కచ్చితంగా పెంచిన చేపే. అసలు సాల్మన్ సుషీ అనేదే జపాన్ పాత సంప్రదాయం కాదు. వాళ్ల పసిఫిక్ సాల్మన్‌లో పరాన్నజీవులు ఉంటాయని పచ్చిగా తినేవాళ్లు కాదు. 1980ల్లో నార్వే వాళ్లు తమ పెంపకం చేపను అమ్ముకోవడానికి జపాన్‌కు వెళ్లి పట్టుబట్టి అలవాటు చేశారు. ఇప్పుడు నార్వే ఏటా 10 లక్షల టన్నులకు పైగా సాల్మన్ పెంచుతోంది.

సముద్రపు పాయల్లో పెద్ద వల పంజరాలు కట్టి పెంచుతారు. నార్వేలో ఒక్క పంజరంలో 2 లక్షల దాకా చేపలు ఉండొచ్చు. అంతమంది ఒకచోట ఉంటే ఏమవుతుందో హాస్టల్లో ఉన్నవాళ్లకు తెలుసు. ఒకరికి జలుబు చేస్తే ఫ్లోరంతా తుమ్ములే. ఇక్కడ జలుబు బదులు సముద్రపు పేలు. పంజరం పక్క నుంచి సముద్రంలోకి వెళ్లే అడవి సాల్మన్ పిల్లలకు అవి పట్టుకుంటాయి. వేలెడంత చేపపిల్ల నాలుగైదు పేలకే నీరసించిపోతుంది.

ఇంకో ప్రమాదం, తప్పించుకోవడం. త్వరగా బరువు పెరగడం కోసం తరతరాలుగా ఎంపిక చేసి పెంచిన చేప, వల చిరిగి బయటపడి నదిలోకెళ్లి అడవి చేపతో కలిస్తే, పుట్టే పిల్లలకు ఆ నదిలో బతికే నేర్పు తగ్గిపోతుంది. నార్వేలో పరీక్షించిన నదుల్లో సగానికి పైగా ఈ కలయిక జాడలు దొరికాయి.

2023 ఆగస్టులో ఐస్‌లాండ్ పశ్చిమ తీరంలో ఓ పంజరానికి చిల్లులు పడి సుమారు 3,500 చేపలు బయటికొచ్చేశాయి. నార్వే నుంచి డైవర్లను రప్పించి, నదుల్లోకి దింపి, ఒక్కో చేపను వెతికి వెతికి బల్లెపు తుపాకులతో ఏరేయించారు. జనం రేక్యావిక్ వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపారు. గాయని బ్యోర్క్ స్పెయిన్ స్టార్ రోసాలియాతో కలిసి ఓ పాట విడుదల చేసి, ఆ డబ్బును చేపల పంజరాల మీద కోర్టు పోరాటానికి ఇస్తానంది. కెనడా అయితే బ్రిటిష్ కొలంబియా తీరంలో ఇలాంటి తెరిచిన వల పంజరాలను 2029 జూన్ చివరికల్లా మాన్పిస్తామని 2024లో ప్రకటించింది.

అలాగని పెంపకం పూర్తిగా పాపం అనడం కూడా సరికాదు. ప్రపంచమంతా తినే సాల్మన్‌ను నదుల నుంచే తేవాలంటే వాటిలో ఒక్క చేపా మిగలదు. ఒడ్డు మీద ట్యాంకుల్లో పెంచొచ్చు. ఖర్చెక్కువ. ఆ ఖర్చు ఎవరు భరించాలన్నదే గొడవ.

వదిలేస్తే మాత్రం నొప్పి ఉండదా?

ఇప్పుడు అసలు చిక్కు ప్రశ్న. ఆకలికి కాకుండా సరదా కోసం చేప నోట్లో ముల్లు గుచ్చి, అలసిపోయేదాకా లాగి, ఆనక వదిలేసి 'పరిరక్షణ' అనడం ఏం న్యాయం? ఈ మాట అనేవాళ్లు చాలామంది ఉన్నారు. స్విట్జర్లాండ్‌లో వదిలేయాలన్న ఉద్దేశంతోనే గాలం వేయడం చట్టం ఒప్పుకోదు. తినడానికైతే పట్టు, లేదంటే చేప జోలికి పోకు అన్నది వాళ్ల వాదం.

ఈ వాదనను తీసిపారేయలేం. పద్ధతిగా చేస్తే వదిలిన చేపల్లో ఎక్కువ శాతం బతుకుతాయన్నది నిజం. పద్ధతి అంటే వెనక్కి తిరిగిన ముల్లు లేని ఒంటి గాలం, ముడుల్లేని వల, తడి చేతులు, చేపను నీళ్లలోంచి పైకెత్తకుండా కొక్కెం తీయడం, అది తేరుకుని తనంతట తాను ఈదేదాకా ప్రవాహానికి ఎదురుగా పట్టుకోవడం. కానీ నీళ్లు 20 డిగ్రీలు దాటితే ఈ లెక్క తప్పుతుంది. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ, అలసిన చేప కోలుకోదు. అందుకే కెనడాలోని మిరమిషి లాంటి నదుల్లో వేడి పెరిగితే చేపలు తలదాచుకునే చల్లటి మడుగుల్లో గాలం వేయడం ఆపేస్తారు. ఇన్‌స్టా కోసం చేపను గాల్లో పట్టుకుని నాలుగు యాంగిల్స్‌లో ఫొటోలు దిగేవాడు 'వదిలేశా' అని చెప్పుకున్నా, ఆ చేప బతుకుతుందన్న నమ్మకం లేదు.

రెండో అనుమానం డబ్బు గురించి. బ్రిటన్ కుబేరుడు జిమ్ రాట్‌క్లిఫ్, అదే మాంచెస్టర్ యునైటెడ్‌లో వాటా ఉన్నాయన, ఐస్‌లాండ్ ఈశాన్యంలో సాల్మన్ నదుల చుట్టూ భూములు కొన్నాడు. చెట్లు నాటిస్తున్నాడు, చేపల నిచ్చెనలు కట్టిస్తున్నాడు, పరిశోధనకు డబ్బిస్తున్నాడు. మంచిదే. కానీ నది బాగోగులు ఒక్క ధనవంతుడి ఇష్టం మీద ఆధారపడితే, రేపు ఆయన మనసు మారితే? ఐస్‌లాండ్‌లో ఈ ప్రశ్న గట్టిగానే వినిపించింది.

ఇవి రెండూ ఒప్పుకుంటూనే నా మాట చెప్తా. గాలం ఒక్కటే సాల్మన్‌ను కాపాడలేదు. వేడెక్కే సముద్రానికి ఏ రాడ్డూ అడ్డుపడదు. కానీ నది ఒడ్డున ఏడాది పొడవునా కళ్లు పెట్టుకుని చూసేవాళ్లు ఉండటం వల్ల నీళ్లు పాడైన రోజే సంగతి తెలుస్తుంది. చేప గురించి ఏ ఆశా లేని నదిని కాపాడటానికి ఎవరూ రారు.

దారి తెరిస్తే చేప వస్తుంది

డబ్బున్నవాళ్లే నదిని కాపాడాలని లేదు. అమెరికాలో కాలిఫోర్నియా, ఆరెగాన్ రాష్ట్రాల్లో పారే క్లామత్ నదిని చూడండి. అక్కడ యూరోక్, కరూక్ లాంటి మూలవాసి తెగలకు సాల్మన్ ఆహారమే కాదు, ఆచారం కూడా. 2002లో నీళ్లు తగ్గి, వేడెక్కి, పదుల వేల చేపలు ఆ నదిలో తేలాయి. అప్పటి నుంచి ఆ తెగలు పట్టు వదల్లేదు. రెండు దశాబ్దాల పోరాటం తర్వాత, 2024లో నది మీద నాలుగు విద్యుత్ డ్యాములను కూల్చేశారు. పనులు పూర్తయిన నెలలోనే చినూక్ సాల్మన్లు ఆరెగాన్ దాకా ఎదురీదుకుంటూ వెళ్లాయి. 1912 తర్వాత అటు వెళ్లడం అదే మొదటిసారి! వందేళ్లలో ఆ దారి చూసిన చేప ఒక్కటీ లేదు. అయినా వెళ్లాయి. 2025 వేసవిలో ఆ తెగల టీనేజర్లు కయాక్‌లు వేసుకుని నది మొదటి నుంచి సముద్రం దాకా ప్రయాణం చేశారు.

మన గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. డెల్టాకు అన్నం పెట్టింది, దాన్ని కూల్చమని ఎవరూ అనరు. కానీ పులస పైకి వెళ్లే దారికి అడ్డుపడింది కూడా అదే. 'పుస్తెలమ్మి అయినా పులస తినాలి' అని గొప్పగా చెప్పుకుంటాం. గుడ్లు పెట్టడానికి వచ్చిన చేపనే వేలం పాడి వేలకు వేలు పోసి కొంటాం. కొన్నాళ్లు వదిలేద్దాం అన్న మాట మాత్రం ఆ వేలంలో వినపడదు.

మీరు అటువైపు ఉంటే...

చదువుకో, ఉద్యోగానికో అటు వెళ్లిన మనవాళ్లు చాలామందే ఉన్నారు. సరదా పుడితే ఇవి గుర్తుంచుకోండి.

నార్వేలో 18 ఏళ్లు నిండినవాళ్లు సాల్మన్ నదిలో గాలం వేయాలంటే ముందు ప్రభుత్వ ఫీజు కట్టాలి, తర్వాత ఆ నదికి ప్రత్యేకంగా కార్డు తీసుకోవాలి. స్కాట్లండ్‌లో సాల్మన్‌కు సర్కారు లైసెన్సు లేదు, కానీ నది హక్కుదారు అనుమతి లేకుండా గాలం వేస్తే నేరం. ఆదివారం సాల్మన్ వేట పూర్తిగా బంద్. గాలంతో పట్టిన సాల్మన్‌ను అమ్మడం కూడా నేరమే. ఐస్‌లాండ్ వెళ్తే, వేరే దేశంలో వాడిన రాడ్లు, బూట్లు క్రిమిరహితం చేయించాకే నదిలో దిగనిస్తారు. చాదస్తం అనుకోకండి. కంటికి కనపడని ఓ పరాన్నజీవి నార్వేలో సుమారు 50 నదుల సాల్మన్లను దెబ్బతీసింది.

రాడ్ పట్టుకునే ఓపిక, డబ్బు లేకపోతే ఇంకా మంచిది. ఊరికే చూడండి. స్కాట్లండ్‌లో పిట్లోక్రీ డ్యామ్ పక్కన 34 తొట్ల చేపల నిచ్చెన ఉంది. గ్లాస్గో నుంచి, ఎడిన్‌బరో నుంచి రైల్లో వెళ్లిపోవచ్చు. సియాటెల్‌లో ఉన్నవాళ్లయితే బాలార్డ్ లాక్స్ దగ్గర అద్దాల కిటికీ ముందు నిలబడితే చాలు, వేసవిలో మీ ముక్కు ముందు నుంచే సాల్మన్లు ఎదురీదుతూ పోతాయి. టికెట్ లేదు, లైసెన్సు అక్కర్లేదు. చేపకు ముల్లూ గుచ్చుకోదు.